ఉపవాసం మనది... ఆకలి ఎవరిది?

లెంట్ దినాలు వచ్చాయంటే మన సంఘాల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. ‘ఈసారి ఏం మానేశారు?’ అని. ఒకరు టీ మానేశామంటారు. ఒకరు మాంసం మానేశామంటారు. కుర్రవాళ్లు ఫోనులో వీడియోలు చూడటం మానేశామంటారు గానీ పునరుత్థాన పండుగ సాయంత్రానికల్లా మళ్లీ అందులోనే తలలు దూర్చుకుని కనిపిస్తారు. నవ్వడానికి చెప్పడం లేదు. నేనూ ముప్పై ఏళ్లుగా ఏదో ఒకటి మానేస్తూ వస్తున్నవాడినే. బడిపంతులుగా ఉన్నప్పుడు మధ్యాహ్న భోజనం మానేసేవాడిని. పదవీ విరమణ చేశాక సాయంత్రం దాకా ఉండటం మొదలుపెట్టాను. అయితే మానేసిన ఆ అన్నం ఎక్కడికి పోయింది, ఎవరి కంచంలోకి వెళ్లింది అని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. ఒక ముసలమ్మ అడగకుండానే ఆ ప్రశ్న నా ముందు పెట్టి వెళ్లింది. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల్లో ఈ దినాల్లో తిరిగితే చర్చి గోడల మీద ఫ్లెక్సీలు కనబడతాయి. భస్మ బుధవారం మొదలు నలభై దినాల ఉపవాస ప్రార్థనలు, శుక్రవారాల్లో సిలువ ధ్యానాలు, ఒక్కో దినానికి ఒక్కో ప్రసంగీకుడు, చివర అందరికీ ప్రేమవిందు. సంతోషించదగ్గ విషయమే. వాక్యం కోసం జనం కూడుకోవడాన్ని ఎవరు తప్పు పడతారు? కానీ మా సంఘంలోని పాతతరం పెద్దలు బతికి ఉంటే ఈ ఫ్లెక్సీలు చూసి ఒక్క క్షణం ఆగి ఉండేవారు. వాళ్లకు శుభ శుక్రవారం తెలుసు, ఈస్టరు తెలుసు. తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్లి పాడటం తెలుసు. లెంట్ అనే మాట మాత్రం వాళ్ల నోట నేను చిన్నప్పుడు వినలేదు. అది మన పద్ధతి కాదు అనేవారు. ఎందుకు కాదో చెప్పేవారు కాదు.

ఎందుకు కాదో తెలుసుకోవడానికి మనం చాలా దూరం, స్విట్జర్లాండులోని జూరిక్ పట్టణం దాకా వెళ్లాలి. 1522 మార్చి 9, లెంట్ కాలంలో మొదటి ఆదివారం. క్రిస్టోఫ్ ఫ్రోషావర్ అనే ముద్రాపకుడి ఇంట్లో కొందరు మాంసపు సాసేజీలు ముక్కలు చేసుకుని తిన్నారు. ఆ రోజుల్లో లెంట్‌లో మాంసం తినడం సంఘ చట్టానికి విరుద్ధం, శిక్షార్హం. ఆ ఇంట్లో ఉన్న ఉల్రిచ్ జ్వింగ్లీ అనే బోధకుడు తాను తినలేదు గానీ తిన్నవారి పక్షం వహించాడు. తినడం, తినకపోవడం విశ్వాసి స్వేచ్ఛకు సంబంధించినదని ప్రసంగించి, దాన్ని అచ్చు వేయించాడు. స్విస్ మతసంస్కరణ ఈ చిన్న గొడవతోనే రాజుకుందని చరిత్రకారులు చెబుతారు. మనం సాధారణంగా ఇక్కడితో ఆగి ‘చూశారా, ప్రొటెస్టెంట్లకు లెంట్ అవసరం లేదు’ అనేస్తాం. కానీ ఫ్రోషావర్ తన సంజాయిషీలో చెప్పుకున్న కారణం ఏమిటి? ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంతకు అందించడానికి తన పనివాళ్లు రాత్రింబవళ్లు పని చేస్తున్నారు, వట్టి గంజి మీద వాళ్లు ఆ పని చేయలేరు అన్నాడు. అంటే ఆ పోరాటానికి మూలంలో ఉన్నది వేదాంత చర్చ ఒక్కటే కాదు. కష్టపడే మనిషి ఆకలి కూడా.

ఆ జూరిక్‌లోనే మూడేళ్లు తిరక్కముందే, 1525 జనవరి 21న, కొందరు విశ్వాసులు పెద్దవారై ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకుని కొత్త మార్గం పట్టారు. వారినే అనాబాప్టిస్టులన్నారు. హింసలు పడి చెదరిపోయిన ఆ సమూహాల్లో హాలండు దేశపు మాజీ పూజారి మెన్నో సైమన్స్ నాయకత్వంలో నిలబడినవారు మెన్నోనైట్లయ్యారు. వారి సంతతి దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్‌లో, స్థిరపడింది. అక్కడే 1860లో మెన్నోనైట్ బ్రదరన్ సంఘం పుట్టింది. అక్కడి నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో మన దేశానికి వచ్చి, తర్వాత నల్లగొండలో స్థిరపడ్డారు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు వచ్చారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో నాగర్‌కర్నూలు, వనపర్తి మిషను స్థావరాలయ్యాయి. గద్వాల, మహబూబ్‌నగర్ స్థావరాలు 1937లో అమెరికన్ బాప్టిస్టుల చేతి నుంచి వీరి చేతికి వచ్చాయి. మన ప్రాంతంలో ‘ఎం.బి. చర్చి’ అని అందరూ పిలిచే సంఘాల కథ ఇది. మన తాతలు ‘లెంట్ మన పద్ధతి కాదు’ అన్నప్పుడు, తెలిసో తెలియకో, జూరిక్‌లోని ఆ ముద్రణాలయపు పనివాళ్ల మాటనే మాట్లాడారు.

మరి ఇప్పుడు మనం లెంట్ ఆచరించడం తప్పా? తప్పని నేను అనుకోను. నలభై దినాల ఈ కాలం మనుషులు ఏర్పాటు చేసుకున్నదే. 325లో నైసియా మహాసభ చేసిన అయిదో నిబంధనలో దీని ప్రస్తావన కనబడుతుంది. బైబిలులో ‘లెంట్ ఆచరించండి’ అనే ఆజ్ఞ ఎక్కడా లేదు. కానీ మన ప్రభువు అరణ్యంలో నలభై దినాలు ఉపవాసమున్నాడు. కొండమీది ప్రసంగంలో తన శిష్యులు ఉపవాసం ఉంటారనే భావించి మాట్లాడాడు. ఉంటే ఎలా ఉండకూడదో మాత్రమే హెచ్చరించాడు (మత్తయి 6:16–18). ఆజ్ఞ కాదు గనుక మనకు స్వేచ్ఛ ఉంది. మానే స్వేచ్ఛతోపాటు, ఆచరించేదాన్ని అర్థవంతంగా మలచుకునే స్వేచ్ఛా ఉంది. నా బాధంతా ఈ రెండో స్వేచ్ఛను మనం వాడుకోవడం లేదనే.

లెంట్ వచ్చే కాలం ఎలాంటిదో చూడండి. ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ దాకా. వానాకాలపు పంట అయిపోయి, నీళ్లు లేని పొలాలు బీళ్లుగా పడి ఉండే కాలం. ‘పాలమూరు లేబర్’ అని దేశమంతా పేరు మోసిన మన జనం ఊళ్లు విడిచి ఉండే కాలం. పెద్ద పెద్ద ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన చేతులివి. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన చోట వలస కొంత తగ్గింది. దేవునికి స్తోత్రం. నీళ్లు అందని ఊళ్లలో ఇప్పటికీ గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని హైదరాబాదుకో, పుణెకో, ముంబయికో వెళ్లే కుటుంబాలు ఉన్నాయి. ఆ కుటుంబాల్లో మన సంఘ సభ్యులు ఎందరో. క్రిస్మస్‌కు నిండిన చాపలు లెంట్ వచ్చేసరికి సగం ఖాళీ అవుతాయి. మిగిలేది ముసలివాళ్లు, బడిపిల్లలు, నాలాంటి పెన్షనుదారులు. నలభై దినాల ఉపవాస కూడికలు మనం ఎవరి మధ్య చేసుకుంటున్నామో ఒకసారి చుట్టూ చూడండి. ఉపవాసం గురించి ప్రసంగం వినవలసిన అవసరం లేనివాళ్లే అక్కడ లేరు.

గద్వాల వైపు ఇంకో లెక్క ఉంది. నడిగడ్డ విత్తన పత్తికి పెట్టింది పేరు. పువ్వు పువ్వునూ చేత్తో విప్పి, పుప్పొడి అద్ది, గింజ పట్టించే పని. ఒకప్పుడు చిన్నపిల్లల వేళ్లు ఎంతగా వాడారో దేశమంతా చెప్పుకున్నారు. పంట ఇచ్చేశాక కూడా జీవోటీ అనే పరీక్ష ఫలితం వచ్చేదాకా రైతుకు పూర్తి లెక్క తేలదు. ఈలోగా ఆర్గనైజరు దగ్గర తెచ్చిన పెట్టుబడికి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మన ప్రాంతంలో వడ్డీని శాతాల్లో చెప్పుకోం. రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అంటాం. నెలకు నూటికి రెండు, నూటికి మూడు. ఏడాదికి ఇరవై నాలుగు, ముప్పై ఆరు. మనం తల మీద బూడిద గుర్తు గురించి మాట్లాడుకునే వారాల్లోనే ఈ ఇళ్లలో అప్పుల లెక్కలు తేలుతుంటాయి, లేదా తేలకుండా మరో ఏడాదికి పెరుగుతుంటాయి.

ఇక నా సంగతి. ఇందులో నేను దాచుకునేది లేదు. మా సంఘంలోనే ఒక కుటుంబానికి కొన్నేళ్ల క్రితం ఇరవై వేలు అప్పు ఇచ్చాను. రెండు రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటు రాయించుకున్నాను. అందరూ మూడు తీసుకుంటుంటే నేను రెండే తీసుకుంటున్నానని నాకు లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది. భార్యాభర్తలు హైదరాబాదులో కట్టడం పనికి వెళ్లారు. ఇద్దరు పిల్లల్ని అవ్వ దగ్గర వదిలారు. ఆ ఏడు లెంట్‌లో మూడో శుక్రవారం, కూడిక ముగిశాక, ఆ అవ్వ చర్చి గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. కొంగుముడి విప్పి నాలుగు వంద కాగితాలు నా చేతిలో పెట్టింది.

‘ఈ నెల మిత్తి సారూ. కొడుకు పంపలే. నేనే సదిరిన.’

ఎలా సర్దావని అడగవలసింది. అడగలేదు. ‘కూర్చో అవ్వా, ప్రార్థన చేసుకుందాం’ అన్నాను. దానికి ఆమె, ‘లేదు సారూ, పిల్లలు పొద్దటి సంది ఏం తినలే. పోయి బువ్వ వండాలె. మీరు కూడా ఒక్కపొద్దున్నరంట గద, పోయి తినుండ్రి’ అని వెళ్లిపోయింది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నా కడుపు గురించి ఆలోచించింది. ఆ పూట సంఘంలో చదివిన వాక్యభాగం యెషయా 58. ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడించేవారిని దేవుడు ప్రవక్త నోట నిలదీసే అధ్యాయం. దాన్ని చదివింది నేనే. గంభీరమైన గొంతుతో చదివానని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే కథ బాగుంటుంది. నిజం ఏమిటంటే బాగానే పట్టింది. ఆ నాలుగు వందలు బీరువాలో పెట్టాను. మరో రెండేళ్లు వడ్డీ తీసుకుంటూనే ఉన్నాను. మనస్సాక్షి ఒక్కరోజులో మేలుకుంటుందని మన సాక్ష్యాల్లో చెప్పుకుంటాం గానీ, నా విషయంలో అది చాలా నిదానంగా కదిలింది. చివరకు నన్ను కదిలించింది ప్రసంగం కాదు, నెహెమ్యా గ్రంథం. బైబిలు తరగతికి అయిదో అధ్యాయం చెప్పవలసి వచ్చి సిద్ధపడుతున్నాను.

నెహెమ్యాను మనం గోడ కట్టినవాడిగా, ఉపవాసముండి ప్రార్థించినవాడిగా చెప్పుకుంటాం. మొదటి అధ్యాయంలో యెరూషలేము దుస్థితి విని ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించిన మనిషి అతడు. నాలుగు అధ్యాయాలు తిరిగేసరికి ఏం జరిగింది? గోడ కడుతున్న పేదలు, వారి భార్యలు మొర పెట్టారు. కరవులో ధాన్యం కోసం పొలాలు, ఇళ్లు తాకట్టు పెట్టామన్నారు. రాజుకు కట్టవలసిన పన్ను కోసం అప్పు చేశామన్నారు. పిల్లలు దాసులైపోతున్నారన్నారు. అప్పిచ్చినవారు పరాయివారు కాదు, సొంత సహోదరులే. నెహెమ్యాకు కోపం వచ్చింది. ప్రధానులను నిలదీశాడు. అంతవరకు నేను చాలాసార్లు చెప్పిన పాఠమే. ఈసారి పదో వచనం దగ్గర నా కన్ను ఆగిపోయింది. తానూ తన బంధువులూ తన దాసులూ కూడా ఆ జనానికి డబ్బు, ధాన్యం అప్పిచ్చామని అతడు ఒప్పుకుంటున్నాడు. ఉపవాసముండి ప్రార్థించిన మనిషే అప్పిచ్చినవాడు కూడా! ఆ మరుసటి వచనంలో, తీసుకున్న నూరవ భాగాన్ని ఆ దినమే తిరిగి ఇచ్చేయమంటాడు. నూరవ భాగమంటే నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. మన లెక్కలో రూపాయి వడ్డీ. రూపాయి వడ్డీకే నెహెమ్యా తన బట్ట దులిపి చూపించాడు (నెహెమ్యా 5:13). నాది రెండు రూపాయలు.

మరునాడు నోటు చింపేశాను. గొప్ప త్యాగమని ఎవరూ అనుకోవద్దు. ‘వడ్డీ రూపంలో అసలు ఎప్పుడో వచ్చేసింది కదండీ, ఇక చింపితే ఎంత చింపకపోతే ఎంత’ అని మా ఇంటావిడ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఆమె మాట నిజం. నెహెమ్యా చెప్పినట్టయితే తీసుకున్న వడ్డీ తిరిగి ఇవ్వాలి. దాన్ని ఒక్కసారిగా ఇవ్వలేక, పిల్లల హాస్టలు ఖర్చుకు నెలనెలా కొంత కట్టాను. అవ్వ నన్ను ఆశీర్వదించింది. అది తీసుకోవడమే నాకు కష్టమైంది.

ఈ అనుభవం నుంచే ఒక మాట అడుగుతున్నాను. లెంట్‌లో మన ఆత్మీయ సాధన అప్పుల పుస్తకం తెరవడంతో ఎందుకు మొదలుకాకూడదు? బూడిద బుధవారం నాడు నుదుట గుర్తు పెట్టుకోవాలా వద్దా అని వాదించుకునే సంఘాలున్నాయి. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, ఆ సాయంత్రం ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని మనం ఎవరికి ఇచ్చాం, ఎంత వడ్డీకి, వాళ్లు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నారు అని ఒక కాగితం మీద రాసుకోవచ్చు. అందరి అప్పూ కొట్టేయమని చెప్పడం లేదు. మనలో చాలామంది చిన్నవాళ్లం. మన డబ్బూ ఎక్కడో అప్పు తెచ్చిందే కావచ్చు. వడ్డీ ఆపవచ్చు. గడువు పొడిగించవచ్చు. కనీసం ఫోను చేసి ‘ఈ నెల సర్దుకో’ అనవచ్చు. ఒక పెద్దమనిషి నాతో ‘అలా అయితే జనం ఎగ్గొట్టడానికి అలవాటు పడతారండీ’ అన్నారు. పడతారేమో. అయినా ప్రభువు నేర్పిన ప్రార్థనలో మన ఋణస్థుల మాట ఉంది (మత్తయి 6:12). అక్కడ అప్పు అంటే పాపమే అని మనం త్వరపడి వ్యాఖ్యానం చెప్పేస్తాం. ఆ పాట్లు పడే గ్రామాల్లో యేసు మాట విన్న రైతుకు మాత్రం ముందు అప్పే గుర్తొచ్చి ఉంటుంది.

అప్పు ఇవ్వనివాళ్లు ఉంటారు. కూలి ఇచ్చేవాళ్లు ఉంటారు. మన సంఘాల్లో ఇప్పుడు ఉద్యోగస్థులు, చిన్న కాంట్రాక్టర్లు, గుంపు మేస్త్రీలు కూడా ఉన్నారు. ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. పొద్దు గూకకముందే కూలివాని కూలి ఇచ్చేయాలని ధర్మశాస్త్రం (ద్వితీయోపదేశకాండము 24:15). బిగపట్టిన కూలి మొర పెడుతుందని యాకోబు (5:4). లెంట్ నలభై దినాలూ ఏ రోజు కూలి ఆ రోజే ఇస్తాను, ‘శనివారం రా’ అనను అని ఒక మేస్త్రీ తీర్మానించుకుంటే, అతడు మధ్యాహ్నం భోజనం చేసినా నా దృష్టిలో మంచి ఉపవాసమే ఉన్నట్టు.

ఇక మానేసిన అన్నం మాట. రెండో శతాబ్దంలో రాసిన ‘హెర్మాస్ కాపరి’ అనే గ్రంథంలో ఉపవాస దినాన తినకుండా మిగిల్చిన భోజనం ఖరీదు లెక్కకట్టి విధవరాలికో, అనాథకో, లేమిలో ఉన్నవారికో ఇవ్వాలని ఉంది. అంటే ఆనాటి విశ్వాసులకు ఉపవాసం మూసిన నోరు మాత్రమే కాదు, చాచిన చెయ్యి కూడా. మిజోరం క్రైస్తవ స్త్రీలు 1910లో వంట వండే ప్రతిసారీ గుప్పెడు బియ్యం పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ఆ గుప్పెళ్లే ఇవాళ అక్కడి సంఘ సేవలో పెద్ద భాగాన్ని పోషిస్తున్నాయి. మనకూ ఇది కొత్త కాదు. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి మట్టికుండలో వేసేది. ఆదివారం దాన్ని చర్చికి తీసుకెళ్లేది. కానుకలు నోట్లుగా మారాక ఆ కుండ పోయింది. పండుగ రోజు ఎవరూ ఆకలిగా లేనప్పుడు పెట్టే ప్రేమవిందుకు బదులు, లెంట్ వారాల్లోనే ఆ కుండను మళ్లీ తెస్తే, తల్లిదండ్రులు వలసపోయిన ఇళ్లలో అవ్వల దగ్గరున్న పిల్లలకు అది చేరదా? మనకు మిషనరీలను పంపిన రష్యాలోని మెన్నోనైట్ కాలనీలే 1921–22లో కరవుతో అల్లాడాయి. వారికి తిండి పంపడానికే ఉత్తర అమెరికా సహోదరులు 1920లో మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ స్థాపించారు. ఆకలి తెలిసినవారి దగ్గరి నుంచే మనకు సువార్త వచ్చిందని మరచిపోకూడదు.

వలసపోయినవారి గురించి ఇంకొక్క మాట. 2020 మార్చి 25న దేశమంతా తాళం పడినప్పుడు మనం లెంట్‌లోనే ఉన్నాం. ఆ ఏడు శుభ శుక్రవారం ఏప్రిల్ 10, ఈస్టరు ఏప్రిల్ 12. చర్చిలు మూసి ఉన్నాయి. ఫోనుల్లో సిలువ ధ్యానాలు విన్నాం. అదే సమయంలో కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని రహదారుల వెంట నడిచారు. మా ప్రాంతంలో కొందరు స్త్రీలు, చర్చికి వెళ్లే దారి లేక, రోడ్డు పక్క చెట్టు కింద మజ్జిగ కుండలు పెట్టి కూర్చున్నారు. పాట లేదు, ప్రసంగీకుడు లేడు. నా జీవితంలో నేను చూసిన లెంట్‌లన్నింటిలో నాకు మరపురానిది అదే. రోగం పోగానే మనం మళ్లీ ఫ్లెక్సీలకు వచ్చేశాం.

ఊరు విడిచినవారిని సంఘం ఎలా కలుపుకోవాలి? మా దగ్గర చేసిన చిన్న ప్రయత్నం చెబుతాను. శుక్రవారం కూడిక సాయంత్రం ఆరింటికి ఉండేది. ఆ వేళకు పనినుంచి ఎవరూ రారు. దాన్ని ఎనిమిదిన్నరకు మార్చాం. ఊళ్లో ఉన్న కూలీలు స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని వస్తున్నారు. తిని రావడమేమిటి, ఉపవాస కూడిక కదా అని మొదట ఒకరిద్దరు గొణిగారు. జూరిక్ పనివాళ్ల కథ చెప్పాక ఊరుకున్నారు. కూడికలో పావుగంట, దూరాన ఉన్నవారి పేర్లు ఒక్కొక్కటే చదివి ప్రార్థిస్తాం. ఆ తర్వాత ఇద్దరికో ముగ్గురికో అక్కడి నుంచే ఫోను చేస్తాం. మొన్న ఒకాయన పుణెలో పునాది గుంత పక్కన రేకుల షెడ్డులో కూర్చుని, తన ఊరి అయ్యగారి గొంతు విని మాట్లాడలేకపోయాడు. అయ్యగారూ మాట్లాడలేకపోయారు. ఆ పూట ప్రసంగం చిన్నదైంది.

మైకు గురించి చెప్పకపోతే నాకు తోచదు. లెంట్ సరిగ్గా ఇంటర్, పదో తరగతి పరీక్షల కాలంలో వస్తుంది. గుడిసెలో బుడ్డి బల్బు కింద చదువుకునే పిల్లవాడి చెవిలో మన ఉపవాస ప్రార్థన హోరెత్తితే, ఆ పిల్లవాడు మన సంఘం వాడే అయినా కాకపోయినా, అది సువార్త కాదు. నలభై దినాలు బయటి స్పీకరు ఆపేయడం టీ మానేయడం కంటే మనవాళ్లకు కష్టమని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. 2025లో రంజాన్ మార్చి 2న మొదలైతే, మన భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది. మా వీధిలో ముస్లిం మేస్త్రీ ఎండలో మంచినీళ్లు కూడా ముట్టకుండా గోడ కట్టి, సాయంత్రం ఖర్జూరం చేతికి తీసుకుని పక్కనున్న కూలీకి ముందు ఇచ్చాడు. ఆ కూలీ మన సంఘస్థుడే. ఇద్దరి ఉపవాసాల గురించీ నేను ఎక్కువ మాట్లాడను.

షుగరు, బీపీ ఉన్న ముసలమ్మలు ఎండాకాలంలో మందు మానేసి ఉపవాసముంటే దేవుడు మెచ్చుతాడని ప్రసంగించేవారు దయచేసి ఆ మాట మానేయాలి. ఆసుపత్రికి ఎత్తుకెళ్లేది ప్రసంగీకుడు కాదు. అలాగే సంఘాల మధ్య కోర్టు వ్యాజ్యాలు. ఆస్తి కోసం, పదవి కోసం ఒకే బల్లకు వచ్చేవారు కోర్టు వరండాలో వేరు వేరు బల్లల మీద కూర్చుంటున్నారు. బలిపీఠం దగ్గర కానుక వదిలి వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న మాట (మత్తయి 5:23–24) ఈ నలభై దినాల్లో ఒక్క కేసును ఉపసంహరింపజేసినా, నేను ఎంతో సంతోషంగా ఆ సంఘానికి వెళ్లి కూర్చుంటాను. మన పితరులైన అనాబాప్టిస్టుల్లో ఒకరి పాదాలు ఒకరు కడుగుకునే ఆచారం ఉండేది. సిలువకు ముందు గురువారం నాడు సంఘపెద్దలు పాదాలు కడగవలసింది ఎవరివో ఎవరికివారు తేల్చుకోవాలి.

ఇవన్నీ చెబుతూ నేనేదో గట్టెక్కేశానని అనుకోవద్దు. ఈసారీ సాయంత్రం దాకా ఉంటున్నాను, టీ మానేశాను, తలనొప్పి వస్తోంది. భస్మ బుధవారం రాత్రి మా ఇంటావిడ, నేను అప్పుల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. అందులో ఇంకా రెండు పేర్లున్నాయి. ఒకరు విత్తన పత్తి వేసిన రైతు, పరీక్ష ఫలితం కోసం చూస్తున్నాడు. అతడికి ఫోను చేసి వడ్డీ ఆపానని చెప్పాను. నమ్మక, ‘ఏమైంది సారూ, పానం బాగలేదా?’ అని అడిగాడు. రెండోది మా దగ్గరి బంధువు పేరు. ఆయనకూ నాకూ మాటలు లేక నాలుగేళ్లవుతోంది. ఆ పేరు మీద వేలు పెట్టి ఇంటావిడ నా వైపు చూసింది. మట్టల ఆదివారం లోపల వెళ్లి కలుస్తానన్నాను. ఇంకా వెళ్లలేదు.